వైఫై నిదానిస్తే ముందు కొలవండి

చిన్నా, బుజ్జీ,

విజయవాడ నుంచి తాతయ్య ఆశీస్సులు. వేసవి సెలవుల్లో మీరు నా పాత లాప్‌టాప్‌లో ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్ వేసి వెళ్లారు కదా, అన్నీ బాగున్నాయి గానీ నెట్ మాత్రం నత్తనడక నడిచింది. అదే గదిలో, అదే వైఫైతో ఫోన్‌కి 38 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) వస్తుంటే లాప్‌టాప్‌కి 4 దాటలేదు. "మళ్లీ విండోస్ వేసేద్దాం తాతయ్యా" అన్నావు చిన్నా. అక్కర్లేదు, కారణం దొరికింది. హాస్టల్లో మీకూ ఈ ఇబ్బంది రావచ్చని వివరంగా రాస్తున్నాను.

ముప్పై ఏళ్లు కాలువల మీద పనిచేసినవాణ్ణి. చివరి పొలానికి నీళ్లు అందట్లేదని రైతు వస్తే మేం నేరుగా ప్రకాశం బ్యారేజీకి పరిగెత్తేవాళ్లం కాదు. తూము దగ్గర ఎంత వదిలారు, పంట బోదెలోకి ఎంత దిగింది, గండి ఎక్కడ పడింది అని ఒక్కోచోట కొలుస్తూ వెళ్లేవాళ్లం. నెట్ కూడా అంతే. బయటి నుంచి రౌటర్ దాకా ఒక కాలువ, రౌటర్ నుంచి లాప్‌టాప్ దాకా ఇంకో కాలువ. ముందు లాప్‌టాప్‌ని వైరుతో రౌటర్‌కి కలిపి చూశాను. స్పీడు ఫోన్‌తో సమానంగా వచ్చింది. అంటే గండి గాలిలోనే ఉంది.

లినక్స్‌లో 'ఐడబ్ల్యూ' (iw) అనే చిన్న పనిముట్టు ఉంది. దాన్ని లింక్ చూపించమని అడిగితే ఫ్రీక్వెన్సీ, సిగ్నల్, బిట్‌రేట్ (కార్డుకీ రౌటర్‌కీ మధ్య వేగం) చెబుతుంది. నాకు ఫ్రీక్వెన్సీ 2437 అని చూపించింది, అంటే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (తరంగాల పట్టీ)లో 6వ చానల్. ఆ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి 1, 6, 11 మూడే. మన అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఇంటి రౌటరూ ఆ మూడింట్లోనే ఇరుక్కుంది. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడికే వస్తాయి. ఫోన్ మాత్రం 5 గిగాహెర్ట్జ్‌లో ఉంది. రౌటర్‌లో ఆ బ్యాండ్‌కి వేరే పేరు పెట్టి లాప్‌టాప్‌ని అందులోకి మార్చాను. అయితే గోడలు దాటడంలో 5 కాస్త బలహీనం, రెండు గదుల అవతల కూర్చుంటే 2.4 నే నయం కావచ్చు. సిగ్నల్ అంకె మైనస్‌లో ఉంటుంది. మైనస్ 50 బాగున్నట్టు, మైనస్ 80 అంటే కష్టం.

స్పీడు పెరిగింది, కానీ మీతో వీడియో కాల్ ఇంకా ఆగి ఆగి వచ్చేది. అప్పుడు రౌటర్‌కే పింగ్ కొట్టాను, అంటే చిన్న పలకరింపు పంపి జవాబుకి ఎంతసేపు పడుతుందో చూశాను. ఒకసారి 3 మిల్లీసెకన్లు, మరుసటిసారి 90, ఆ తర్వాత 140. గోడ పక్కనున్న రౌటర్‌కి అంతసేపు ఎందుకు? బ్యాటరీ మిగల్చడానికి వైఫై కార్డు మధ్యమధ్యలో నిద్రపోతోంది, బుజ్జీ. రౌటర్ దాదాపు 100 మిల్లీసెకన్లకు ఒకసారి బీకన్ అనే చిన్న సంకేతం పంపుతుంది. కార్డు దానికి లేచి, తనకోసం ఏమైనా దాచిపెట్టి ఉంటే అప్పుడు తీసుకుంటుంది. ఆలస్యం అక్కడే. ఐడబ్ల్యూతోనే పవర్ సేవ్ ఆపేసి మళ్లీ పింగ్ కొడితే అన్నీ 2, 3 దగ్గర నిలబడ్డాయి. నాకెంత సంతోషమైందో!

అలా ఆపినది రీస్టార్ట్ చేస్తే పోతుంది. ఉబుంటులో నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగుల ఫోల్డర్‌లో వైఫై పవర్‌సేవ్ అనే వరుస ఉంటుంది. అక్కడ 3 ఉంటే నిద్ర ఉన్నట్టు, 2 పెడితే లేనట్టు. బ్యాటరీ కొంచెం త్వరగా అయిపోతుంది, నాకు పర్లేదు.

బిట్‌రేట్ ఎప్పుడూ 54 దాటకపోతే రౌటర్‌లో టీకేఐపీ అనే పాత వైఫై భద్రతా పద్ధతి ఉందేమో చూడండి. డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ పద్ధతికి మార్చాలి. కార్డు అసలు సరిగ్గా లేవకపోతే ఫర్మ్‌వేర్ (కార్డుని నడిపే లోపలి ప్రోగ్రామ్) లేదేమో డీమెసేజ్ (dmesg) అనే లినక్స్ సందేశాల చిట్టాలో కనిపిస్తుంది. ఇంకో మాట: 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 5 మెగాబైట్లే. డౌన్‌లోడ్‌లో 5 చూసి కంగారు పడొద్దు.

నెట్‌లో దొరికిన ఆదేశాన్ని అర్థం కాకుండా సుడో (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఇచ్చే మాట) పెట్టి అతికించకండి. ఒకేసారి నాలుగు మార్పులు కూడా చేయొద్దు, ఏది పనిచేసిందో తెలియదు.

బుజ్జీ, నీ గదిలో ఫ్రీక్వెన్సీ, సిగ్నల్, రౌటర్‌కి పింగ్ మూడూ రాసి పంపు. దసరాకి వచ్చేలోగా చూద్దాం.

మీ తాతయ్య