ట్రోఫీ రైడర్‌దా, ట్యూనర్‌దా? పాత తగువుకు 2009 చెప్పిన జవాబు

తిన్నని ట్రాక్ మీద రెండు బండ్లు పోటీపడే డ్రాగ్ మీట్ ఒకటి ముగిసి ట్రోఫీ ఫొటోలు బయటికి వచ్చాయంటే చాలు, హైదరాబాద్ గ్యారేజీల్లో ఈ తగువు లేస్తుంది. ఈసారి కాస్త గట్టిగానే లేచింది. రాత్రింబవళ్ళు కూర్చుని బండి కట్టిన తమ పేరు ఎక్కడా కనిపించడం లేదని ట్యూనర్లు అంటున్నారు. పచ్చ లైటు పడ్డాక ప్రాణం మీదికి తెచ్చుకునేది తామేనని రైడర్లు అంటున్నారు. డబ్బు పెట్టే జట్టు యజమానులది మూడో మాట: మేం లేకపోతే వీళ్ళిద్దరికీ బండే లేదు.

డ్రాగ్ రేసింగ్ ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది అన్నది ఈ ఆట చూసేవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ తగువు తేలాలంటే ముందు చూడాల్సింది 2008 చివర్లో అమెరికాలో జరిగిన ఒక విడిపోవడం. డ్రైవర్‌నీ ట్యూనర్‌నీ విడదీసి, చెరో వైపు నిలబెట్టి చూసే అవకాశం అంత స్పష్టంగా దొరకడం అరుదు.

అమెరికా డ్రాగ్ రేసింగ్ సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పోటీల్లో అన్నిటికంటే వేగమైన టాప్ ఫ్యూయల్ తరగతిలో అప్పట్లో టోనీ షూమాకర్‌కి ఎదురులేదు. 2004 నుంచి 2008 దాకా వరుసగా ఐదు టైటిళ్ళు. ఒక్క 2008లోనే 15 రేసులు. ఆ కారుకి క్రూ చీఫ్, అంటే మన గ్యారేజీ భాషలో ట్యూనర్, అలన్ జాన్సన్. 2008 సీజన్ అవగానే జాన్సన్ జట్టు వదిలేశాడు. ఖతర్ రాజకుటుంబానికి చెందిన షేక్ ఖాలిద్ బిన్ హమద్ అల్ థానీ డబ్బుతో అల్-అనాబీ అనే కొత్త జట్టు కట్టి, లారీ డిక్సన్‌ని సీట్లో కూర్చోబెట్టాడు. షూమాకర్ పాత జట్టులోనే ఉండిపోయాడు. అతనికి మైక్ గ్రీన్ కొత్త క్రూ చీఫ్‌గా వచ్చాడు. ఒకవైపు ఛాంపియన్ డ్రైవరూ స్థిరపడ్డ జట్టూ, ఇంకోవైపు ట్యూనర్.

2009 టైటిల్ షూమాకరే గెలిచాడు. రైడర్ల పక్షం వాళ్ళు కథను ఇక్కడే ఆపేస్తారు. తేడా ఎంతో మాత్రం చెప్పరు. రెండే పాయింట్లు. ఆ పోటీల్లో ఒక రౌండ్ గెలిస్తే 20 పాయింట్లు వస్తాయి, అంటే ఒక రౌండ్‌లో పదో వంతు. ముందు ఏడాది ఉనికిలోనే లేని జట్టు ఐదుసార్ల ఛాంపియన్ జట్టుకి అంత దగ్గరగా వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 2010లో, డిక్సన్ 12 రేసులు గెలిచి టైటిల్ పట్టుకుపోయాడు. 2011లో అదే జట్టు నుంచి డెల్ వర్షమ్, 2013లో షాన్ లాంగ్డన్ గెలిచారు. సీట్లో మనుషులు మారుతున్నా టైటిళ్ళు ఆగలేదు. షూమాకర్‌కి మళ్ళీ టైటిల్ దక్కింది 2014లో. జాన్సన్ రాకముందు 1999లోనూ అతను ఛాంపియనే, అది కాదనలేం.

దీనికి ముందు సంగతి ఇంకా బరువైనది. 1996లో జాన్సన్ ట్యూన్ చేసిన కారు నడిపింది అతని తమ్ముడు బ్లెయిన్. పాయింట్లలో ముందున్న దశలో ఇండియానాపొలిస్‌లో జరిగిన ప్రమాదంలో బ్లెయిన్ చనిపోయాడు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి మళ్ళీ అదే పనికి వచ్చాడు. 1997లో గ్యారీ సెల్జీ అనే కొత్త డ్రైవర్‌ని పెట్టుకున్నాడు. సెల్జీ టాప్ ఫ్యూయల్‌లో తన మొదటి రేసే గెలిచాడు, ఆ ఏడాది టైటిల్ కూడా గెలిచాడు. ఇది అదృష్టం అనేవాళ్ళు 2006 ఆఖరి రేసునీ చూడాలి. పొమోనాలో టైటిల్ దక్కాలంటే షూమాకర్ ఫైనల్ గెలవడం ఒక్కటే సరిపోదు, జాతీయ రికార్డు కూడా బద్దలు కావాలి. 4.428 సెకన్లలో కారు గీత దాటింది, రెండూ జరిగాయి. అప్పుడు టైటిల్ పోగొట్టుకున్న డ్రైవర్ డగ్ కలిటా. అతనికి తొలి టైటిల్ 2023లో దక్కింది. ఆ కారు ట్యూన్ చేసింది అదే అలన్ జాన్సన్.

ట్యూనర్ చేతిలో అంత ఏముంది అంటే, ఆ కారుకి గేర్లే ఉండవు. 11,000 హార్స్‌పవర్ పైబడ్డ శక్తి క్లచ్ గుండానే టైర్లకి చేరాలి. ఆ క్లచ్ ఒక్కసారిగా పట్టేస్తే టైర్లు పొగలు కక్కుతూ పట్టు లేక ఊరికే తిరుగుతాయి, ఆలస్యంగా పడితే పక్క కారు వెళ్ళిపోతుంది. ఏ క్షణంలో ఎంత పట్టాలో ట్యూనర్ ముందే టైమర్లలో పెట్టేస్తాడు. పరుగు మధ్యలో టైర్ల పట్టు చూసుకుని కంప్యూటర్ సర్దుకోవడానికి నియమాలు ఒప్పుకోవు. అందుకే రేసుకి కాసేపటి ముందు ట్రాక్ వేడి కొలిచి, గాలి చూసి, నిర్ణయం తీసేసుకోవాలి. పరుగు అవగానే ఇంజిన్ విప్పేసి, గంట అటూ ఇటూగా మళ్ళీ బిగించాలి. నాలుగు సెకన్లు కూడా పట్టని పరుగులో జరిగేది చాలావరకు అప్పటికే రాసిపెట్టి ఉంటుంది.

చాలావరకే, అంతా కాదు. గడియారం పచ్చ లైటు పడ్డప్పుడు మొదలవదు, బండి కదిలినప్పుడు మొదలవుతుంది. ఒకరు 3.70 సెకన్లలో ట్రాక్ దాటినా కదలడానికి 0.10 తీసుకుంటే, 3.73లో దాటి 0.05కే కదిలినవాడు గెలుస్తాడు. ఆ 0.05 సెకను తేడా డ్రైవర్ సొంతం. టైర్లు జారినప్పుడు కాలు తీసి మళ్ళీ నొక్కడంలోనూ నేర్పు ఉంది. డ్రైవర్ల పక్షానికి ఎన్‌హెచ్‌ఆర్‌ఏలోనే ఫన్నీ కార్ అనే ఇంకో తరగతి డ్రైవర్ జాన్ ఫోర్స్ కూడా ఉన్నాడు. పాతికేళ్ళు తోడున్న క్రూ చీఫ్ ఆస్టిన్ కాయిల్ 2010 తర్వాత వెళ్ళిపోయినా, 2013లో 64 ఏళ్ళ వయసులో ఫోర్స్ 16వ టైటిల్ గెలిచాడు. కాకపోతే అదే ఫోర్స్ ఏళ్ళ తరబడి ఒక్క రేసూ గెలవలేక, 1985లో కాయిల్ వచ్చాక 1987లో తొలి గెలుపు, 1990లో తొలి టైటిల్ చూశాడు.

జట్టు యజమానుల వాదన గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. డబ్బు లేకుండా విడిభాగాలు రావు, నిజం. కానీ షేక్ డబ్బు గెలిచింది జాన్సన్ చేతుల మీదుగానే.

ఇక మన దగ్గరికొస్తే, ఇక్కడి పోటీలు ఎక్కువగా బైకులవి. బైకు మీద రైడర్ వాటా పెరుగుతుంది. ఒళ్ళు ముందుకి వాల్చి ముందు చక్రం లేవకుండా చూడాలి, క్లచ్ చేత్తో వదలాలి, గేర్లు వేయాలి. రైడర్లు ఇది చెప్పినప్పుడు ట్యూనర్లు కూడా ఒప్పుకుంటారు.

హైదరాబాద్ ట్యూనర్‌కి మాత్రం ఇంకో తలనొప్పి ఉంది. ఈ నగరం సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది. జాతీయ డ్రాగ్ రౌండ్లు జరిగే చెన్నై శివారు ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ దాదాపు సముద్ర మట్టంలో ఉంది. అక్కడి గాలి ఐదు శాతం దాకా చిక్కన. ఇక్కడ చక్కగా లాగిన ఆర్‌ఎక్స్ 100 అక్కడ అవే జెట్లతో, అంటే కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే అవే రంధ్రాలతో, లీన్ అయిపోతుంది, గాలికి తగ్గ పెట్రోలు అందదు, పూర్తి థ్రాటిల్‌లో పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంటుంది. అందుకే ఉస్తాద్ దిగగానే ఒక పరుగు తీయించి, ప్లగ్గు విప్పి చూస్తాడు. తెల్లగా పాలిపోయి ఉంటే మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెంచుతాడు. నల్లగా తడిగా ఉంటే తగ్గిస్తాడు. గోధుమ రంగు వచ్చేదాకా రైడర్‌ని లైన్లోకి పంపడు. ఈ పని ట్రోఫీ ఫొటోలో పడదు.

పైగా ఈ పని ముందే చేసి చూసుకోవడానికి నగరంలో డ్రాగ్ స్ట్రిప్ లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ జరిగింది, మరుసటి ఏడాది రేసు రద్దయింది. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి బైకుల్ని రానివ్వరు, రానివ్వకూడదు కూడా. గచ్చిబౌలి రోడ్ల మీద అర్ధరాత్రి రేసుల్లో ప్రాణాలు పోవడం ఈ ఆటను ప్రేమించేవాళ్ళు ఒప్పుకోవాల్సిన సంగతి కాదు.

ట్యూనర్లు అడుగుతున్నది పెద్ద కోరికేం కాదు. మలక్‌పేట గుర్రప్పందేల రేస్ కార్డులో జాకీ పేరుతో పాటు ట్రైనర్ పేరు కూడా అచ్చవుతుంది, ఫలితాల షీటులో తమకీ అలా ఒక గడి కావాలంటున్నారు. రైడర్లలో కొందరు దీనికి సరే అంటున్నారు. రైడర్ ఇంకో గ్యారేజీకి వెళ్ళిపోతే జెట్ సైజులు, క్లచ్ స్ప్రింగులు, స్ప్రాకెట్ పళ్ళు రాసుకున్న నోట్‌బుక్ ఎవరితో వెళ్ళాలన్న దగ్గర మాత్రం మాట తెగడం లేదు. ఇక్కడ చాలా ఒప్పందాలు నోటిమాటే. ఆ ఒక్కటైనా కాగితం మీద పెట్టుకుంటే వచ్చే మీట్‌కి ముందే సగం గొడవ తగ్గుతుంది.