ఛాతీలో చప్పుడు ఆగితే ఆస్తమా పోయినట్టేనా?

"కూతలు ఆగిపోయాయి డాక్టర్‌గారూ, అందుకే ఇన్హేలర్ మానేశాను." బెంగళూరులో చలి మొదలైందంటే ఈ మాట నా ఓపీలో ప్రతి వారం వింటాను. మొన్న మారతహళ్లి నుంచి వచ్చిన అమ్మాయి కూడా ఇదే చెప్పింది. మదనపల్లెలో ఉన్న వాళ్లమ్మ ఫోన్‌లో వింటున్నారు. "సంబంధాలు చూస్తున్నాం సార్, ఆ పీల్చే మందు అలవాటైపోతే ఎట్లా?" అని ఆవిడ బాధ. ఆ తల్లి భయం నాకు అర్థమవుతుంది. దాన్ని పుట్టించిన పుకారు మీదే నా కోపమంతా.

పిల్లికూత అంటే ఇరుకైన శ్వాస గొట్టాల్లోంచి గాలి దూరుతున్న చప్పుడు. గొట్టాలు మరీ మూసుకుపోతే గాలీ కదలదు, కూతా ఉండదు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి హిందూపురం వైపు నుంచి ఒకతన్ని తీసుకొచ్చారు. "దారిలో కూతలు తగ్గాయి" అని భార్య కాస్త ధైర్యంగానే ఉంది. వీపు మీద స్టెతస్కోపు పెడితే రెండు వైపులా నిశ్శబ్దం. మనిషికి ఒళ్లంతా చెమటలు, ఒక్క మాట పూర్తిగా చెప్పలేకపోతున్నాడు. మా సీనియర్ పరుగున వచ్చి ఆక్సిజన్, నెబులైజర్ పెట్టించారు. చాలాసేపటికి మళ్లీ కూతలు వినిపించాయి, అప్పటికి గాని మాకు ప్రాణం కుదుటపడలేదు. అతను ఇన్హేలర్ మానేసి రెండు నెలలైందని తెల్లారాక తెలిసింది.

ఇన్హేలర్ వ్యసనం కాదు. రోజూ పీల్చే స్టెరాయిడ్ మందు గొట్టాల లోపలి వాపును తగ్గిస్తుంది. దాని పని ఆ పూటే తెలియదు కాబట్టి జనం ముందు మానేసేది దాన్నే. వెంటనే ఆయాసం తగ్గించే సాల్బుటమాల్‌ను మాత్రం జేబులో పెట్టుకుని తిరుగుతారు. అదొక్కటే వాడుతూ నెట్టుకురావద్దని ఆస్తమా వైద్యంపై అంతర్జాతీయ సంస్థ గినా ఇచ్చే మార్గదర్శకాలు 2019 నుంచే చెబుతున్నాయి. స్టెరాయిడ్ అంటే భయమా? బ్యుడెసొనైడ్ అనే పీల్చే స్టెరాయిడ్ ఒక పఫ్‌లో సాధారణంగా 100 నుంచి 400 మైక్రోగ్రాములు (మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు) ఉంటుంది, అదీ నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మానేసి ఎటాక్ తెచ్చుకుంటే మింగాల్సిన స్టెరాయిడ్ మాత్రలు రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి, ఒళ్లంతా తిరుగుతాయి. రెండు మందుల బలం ఒకటి కాకపోయినా ఒంటికి ఏది బరువో మీరే చూడండి. మూడు నెలలు బాగుంటే డోసు డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఊపిరి గట్టిగా పీల్చినప్పుడు రొమ్ము ఎముక దగ్గర టక్కుమంటే, నొప్పీ ఆయాసమూ లేకపోతే, అది చాలావరకు కీళ్ల చప్పుడే. బలవంతంగా ఊపిరంతా వదిలితే ఆరోగ్యవంతులకూ చివర్లో సన్నగా కూత రావచ్చు. రాత్రంతా దాన్నే పరీక్షించుకుంటూ నిద్ర మానుకోకండి. ఎక్స్‌రే బాగుందంటే ఆస్తమా లేదని కాదు, దానికి స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదించి చూసే పరీక్ష, చేయించాలి. పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం ఉండి, బాల్కనీలో పావురాలు కాపురం పెట్టి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అలాంటివాళ్ల వీపు కింది భాగంలో వెల్క్రో పట్టీ ఊడదీసినట్టు వినిపిస్తే మేం ఆస్తమా గురించి కాదు, ఆ పావురాల దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయేమో అని ఆలోచిస్తాం.

మాట తడబడేంత ఆయాసం, నీలిరంగు పెదవులు, మగత ఉంటే మాత్రం చప్పుడు ఉందా లేదా అని చూడకుండా 108కి ఫోన్ చేయండి.

అంతా విన్నాక ఆ తల్లి, "అయితే పెళ్లిచూపుల రోజు కూడా పీల్చాలా సార్?" అని అడిగారు. ఆ రోజు కూడా పీల్చాలమ్మా, పీల్చాక నోరు పుక్కిలించమని చెప్పండి అన్నాను.