73 రోజుల లెక్క: కాలిక్యులేటర్ గేముల గొడవ ఎక్కడ మొదలైంది?

2024 సెప్టెంబరులో యూట్యూబ్‌లో ఒక వీడియో వచ్చింది. ఒకతను అమెరికా స్కూల్ పిల్లలు వాడే టీఐ-84 కాలిక్యులేటర్ విప్పి, లోపల గోరంత వైఫై బోర్డు అమర్చి, చాట్‌జీపీటీ జవాబులు దాని స్క్రీన్ మీదే కనిపించేలా చేశాడు. దాంతో పాత వాదన మళ్ళీ రాజుకుంది. పిల్లలు సొంతంగా రాసుకున్న ప్రోగ్రాములను, గేములను కాలిక్యులేటర్‌లో నడవనివ్వాలా, లేక పరీక్షల పేరు చెప్పి తాళం వేయాలా? టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) 2020లో తాళం వేసింది. ఆ వీడియో చూశాక, వేయడమే మంచిదైందని అనేవాళ్ళకు బలం వచ్చినట్టు కనిపించింది. కానీ ఆ తాళం ఎందుకు పడిందో తెలియాలంటే 2020 కంటే 2009ని చూడాలి.

మనలో చాలామందికి ఈ యంత్రం కొత్త. ఇంటర్‌లో లాగ్ టేబుల్స్ పుస్తకం, ఎంసెట్‌లో రఫ్ వర్క్ కాగితం, అంతే. అమెరికాలో అలా కాదు. అక్కడ 1994 నుంచి కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్షకు కాలిక్యులేటర్ తీసుకెళ్ళనిస్తున్నారు. 1995 నుంచి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) క్యాలిక్యులస్‌కు గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ తప్పనిసరి అయింది. డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కోల్లోని తెలుగు ఇళ్ళలో హైస్కూల్ పిల్లల బ్యాగు తెరిస్తే ఈ యంత్రం కనబడుతుంది. దాన్ని తయారుచేసే కంపెనీ ప్రధాన కార్యాలయం కూడా డాలస్‌లోనే ఉంది.

1994లో టీఐ-85లోకి, గేములు నడిపించే జెడ్‌షెల్ అనే ప్రోగ్రామ్ ఎలా చొరబడిందీ, క్లాసులో బల్ల కింద టెట్రిస్ ఎలా ఆడారూ చాలాసార్లు రాసిన సంగతులే. ఇక్కడ మళ్ళీ చెప్పను. ఆ పిల్లలు నిజంగా ఏం చేసేవారో మాత్రం కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే వాదనలో అదే ఎప్పుడూ తప్పిపోతుంది.

1999లో వచ్చిన టీఐ-83 ప్లస్‌నే తీసుకోండి. అందులో ఉన్నది 6 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసర్. వాడుకోవడానికి దొరికే ర్యామ్ 24 కిలోబైట్లు. స్క్రీన్ అడ్డంగా 96 చుక్కలు, నిలువుగా 64. ఒక్కో చుక్కకు ఒక్కో బిట్ కాబట్టి స్క్రీన్ మొత్తం 768 బైట్లలో పడుతుంది, ఒక్కో వరుసకు 12 బైట్లు. గేములో బొమ్మను ఫలానా వరుసలో పెట్టాలంటే వరుస సంఖ్యను 12తో గుణించాలి. ఇక్కడే చిక్కు. జెడ్80కి గుణకారం చేసే ఆదేశమే లేదు. లెక్కలు చేసే యంత్రం గుండెకాయకి ఎక్కాలు రావన్న మాట. దానికి వచ్చింది కూడిక, బిట్లను పక్కకు జరపడం. ఒకసారి జరిపితే రెట్టింపు, రెండుసార్లు జరిపితే నాలుగింతలు, మూడుసార్లు జరిపితే ఎనిమిదింతలు. ఎనిమిదింతలకు నాలుగింతలు కలిపితే పన్నెండింతలు. పదిహేనేళ్ళ పిల్ల గేములో ఒక బాతు బొమ్మను కదిలించడానికి ఇంత ఆలోచించాలి. నలుపు తెలుపు తప్ప మరో రంగు లేని స్క్రీన్ మీద బూడిద రంగు తెప్పించడానికి చుక్కను కంటికి తెలియనంత వేగంగా వెలిగించి ఆర్పేవారు. కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో ఇంతకంటే సూటిగా నేర్పిన సిలబస్ నాకు తెలియదు.

ఇలా ప్రాసెసర్‌తో నేరుగా మాట్లాడే భాషనే అసెంబ్లీ అంటారు. తర్వాతి రోజుల్లో సీ భాషలో రాసిన ప్రోగ్రాములు కూడా చివరికి అదే రూపంలోకి మారి నడిచేవి.

కంపెనీ మొదట్లో దీన్ని చూసీ చూడనట్టు ఊరుకోవడమే కాదు, సాయం కూడా చేసింది. టీఐ-83 నుంచీ అసెంబ్లీ ప్రోగ్రాములు నడిపే ఆదేశాన్ని తనే లోపల పెట్టింది. 83 ప్లస్‌కు యాప్‌లు రాసే కిట్ ఇచ్చింది. పజిల్ ప్యాక్ పేరుతో గేములను కంపెనీయే ఇచ్చింది. రెండు పక్షాల మధ్య కాగితం మీద రాసుకోని ఒప్పందం ఒకటి ఉండేది. మీ ప్రోగ్రాములు మీరు రాసుకోండి, కింద ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ జోలికి మాత్రం రాకండి.

ఆ ఒప్పందం 2009 జులైలో తెగింది.

కాలిక్యులేటర్‌లోకి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలంటే దాని మీద కంపెనీ డిజిటల్ సంతకం ఉండాలి. ఆ సంతకాన్ని సరిచూడటానికి ప్రతి యంత్రంలోనూ ఒక పెద్ద సంఖ్య ఉంటుంది. 512 బిట్లు, అంటే మామూలుగా రాస్తే 150కి పైగా అంకెలు. అది రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఆ రెండు కారణాంకాలు ఏవో కంపెనీకి మాత్రమే తెలుసు, అవి తెలిసినవాళ్ళే సంతకం చేయగలరు. ఎనిమిదో తరగతిలో కారణాంకాలు కనుక్కోవడం నేర్చుకున్న పిల్లలకు ఈ తాళం ఏమిటో అర్థమవుతుంది. దాన్ని తెరవడం ఎంత కష్టమో కూడా అర్థమవుతుంది.

ఒక హాబీ ప్రోగ్రామర్ ఆ కారణాంకాలు కనుక్కున్నాడు. వాడింది 1.9 గిగాహెర్ట్జ్ డ్యూయల్ కోర్ అథ్లాన్ ప్రాసెసర్ ఉన్న మామూలు కంప్యూటర్. నెట్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో పని మొదలుపెట్టి, రాత్రీ పగలూ నడవనిచ్చాడు. 73 రోజులు పట్టింది. ఫలితాన్ని అందరి ముందూ పెట్టాడు. మిగతా మోడళ్ళ కీల (తాళం తెరిచే ఇలాంటి కారణాంకాల) కోసం చాలామంది తమ కంప్యూటర్లను కలిపి పని పంచుకున్నారు. కొద్ది వారాల్లోనే అవీ బయటపడ్డాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే గట్టి తాళాన్ని ఎవరో పగలగొట్టారనిపిస్తుంది. ఆర్‌ఎస్‌ఏ అనే ఈ సంతకాల పద్ధతిలో వాడే 512 బిట్ల సంఖ్యను పరిశోధకులు బహిరంగంగా విడగొట్టింది 1999 ఆగస్టులో. అప్పట్లో అందుకు వందలాది కంప్యూటర్లు, నెలల సమయం కావలసి వచ్చాయి. టీఐ-83 ప్లస్ మార్కెట్లోకి వచ్చిందీ అదే ఏడాది. ఆ తాళం బలం పదేళ్ళలో ఎంత పడిపోతుందో అంచనా వేయగలిగినవాళ్ళు టీఐలో లేకపోయి ఉండరు. పాత మోడళ్ళ తాళాన్ని ఎవరూ మార్చలేదు. మార్చాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే అప్పటిదాకా దాన్ని కాపాడింది అంకెలు కాదు, రెండు పక్షాల మధ్య ఉన్న మర్యాద.

కీలు దొరికాక హాబీ ప్రోగ్రామర్లు ఏం చేద్దామనుకున్నారు? తాము కొనుక్కున్న యంత్రంలో తమ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకుందామనుకున్నారు. వాళ్ళు చెప్పింది అంతే. దొంగతనానికి అందులో పెద్దగా చోటు కూడా లేదు, టీఐ తన ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునేలా తన సైట్‌లోనే పెట్టింది.

టీఐ మాత్రం లాయర్ నోటీసులు పంపింది. 1998 నాటి అమెరికా డిజిటల్ కాపీరైట్ చట్టం కింద, రక్షణ ఏర్పాట్లను ఛేదించే సాధనాలను పంచుతున్నారని, ఆ సంఖ్యలను వెంటనే తీసేయాలని అందులో ఉంది. అందుకున్నవాళ్ళలో కొందరు భయపడి తీసేశారు. నోటీసులో కోరింది ఒక సంఖ్యను చెరిపేయమని. కానీ సంఖ్య చెరిపితే పోయేది కాదు. అప్పటికే పది చోట్లకు పాకింది, వికీలీక్స్‌లో కూడా కనబడింది.

2009 అక్టోబరు 13న డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ముగ్గురు హాబీ ప్రోగ్రామర్ల తరఫున టీఐకి లేఖ రాసింది. సొంత సాఫ్ట్‌వేర్ నడుపుకోవడం కోసం యంత్రం గుట్టు తెలుసుకోవడం చట్టవిరుద్ధం కాదన్నది దాని సారాంశం. టీఐ ఆ ముగ్గురి మీద కోర్టుకు వెళ్ళలేదు. తీసేసిన సంఖ్యలు మళ్ళీ పైకి వచ్చాయి.

నా దృష్టిలో అసలు మలుపు ఇదే. చట్టంతో పని కాదని తేలాక కంపెనీ ఇంజనీర్ల చేత పని చేయించుకుంది. మధ్యలో మూడో దారి ఒకటి ఉండేది. ఈ పిల్లలను పిలిచి కూర్చోబెట్టి, పరీక్ష హాల్లో ఏది ఉండకూడదో, బయట ఏది ఉండొచ్చో ఒక గీత గీసుకోవడం. పదేళ్ళ పాటు ఆ యంత్రానికి ఉచితంగా ప్రాణం పోసినవాళ్ళతో మాట్లాడటం కష్టమేమీ కాదు. ఆ ఏడాది అది జరగలేదు. తర్వాత జరిగినవన్నీ దాని కొనసాగింపే.

చూడండి. అంతకు ముందే, 2007లో వచ్చిన టీఐ-ఎన్‌స్పైర్ మోడల్‌లో బయటివాళ్ళ అసెంబ్లీకి చోటే లేదు. 2010 ఫిబ్రవరిలో ఎన్‌డ్‌లెస్ అనే ప్రోగ్రామ్ ఆ గోడలో సందు కనిపెట్టింది. కంపెనీ తర్వాతి అప్‌డేట్‌లో పూడ్చింది. హాబీ ప్రోగ్రామర్లు ఇంకో సందు వెతికారు. 2011లో లువా అనే ప్రోగ్రామింగ్ భాషకు అనుమతిచ్చి టీఐ కాస్త దిగినట్టు కనిపించింది కానీ ప్రాసెసర్‌ను మాత్రం ముట్టుకోనివ్వలేదు. రంగుల స్క్రీన్ మోడళ్ళు వచ్చేసరికి సంతకం కీ 2048 బిట్లకు పెరిగింది. ఇంటి కంప్యూటర్‌తో దాన్ని విడగొట్టడం అయ్యే పని కాదు.

2015లో వచ్చిన టీఐ-84 ప్లస్ సీఈలో పరిస్థితి కొంతకాలం మెరుగ్గా ఉండింది. 48 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 320 చుక్కలకు 240 చుక్కల రంగుల తెర, అసెంబ్లీకీ సీకీ దారి తెరిచే ఉంది. హాబీ ప్రోగ్రామర్లు దానికోసం సొంతంగా సీ కంపైలర్ కిట్ తయారుచేసి అందరికీ ఇచ్చారు. ఆ అయిదేళ్ళలో వచ్చిన గేములు చూస్తే అది స్కూల్ కాలిక్యులేటరేనా అనిపిస్తుంది.

ఇంతలో ఫ్రాన్స్‌లో పరీక్షల నిబంధనలు బిగిశాయి. హైస్కూల్ చివర రాసే బకలోరియా పరీక్షలో కాలిక్యులేటర్ పరీక్ష మోడ్‌లో ఉండాలి, ఉన్నట్టు పైన చిన్న లైటు మిణుకుమిణుకుమనాలి. మెమరీలో దాచుకున్నవి అందుబాటులో ఉండకూడదు. ఆ మోడ్‌ను బోల్తా కొట్టించవచ్చని చూపిస్తూ 2020లో ఒకరు వీడియో పెట్టారు. మే నెలలో టీఐ అప్‌డేట్‌తో అసెంబ్లీ, సీ ప్రోగ్రాములు నడవడం ఆగిపోయింది. మొదట ఫ్రాన్స్ మోడల్‌లో, తర్వాత అమెరికా మోడల్‌లో. ఒకసారి అప్‌డేట్ చేశాక వెనక్కి వెళ్ళే దారి ఉంచలేదు.

కంపెనీ చెప్పిన కారణం పరీక్షల భద్రత. పరీక్ష బోర్డుల నమ్మకం పోతే స్కూళ్ళు ఆ యంత్రాన్ని కొనవు, అది నిజం. టీచర్ల టెన్షన్ కూడా అర్థం చేసుకోవాల్సిందే. ఒక గదిలో 30 మంది పిల్లల మెమరీలు ఎవరు చూడగలరు?

అయితే కాపీకి అసెంబ్లీతో పనిలేదని ఆ టీచర్లకే బాగా తెలుసు. పాత మోడళ్ళలో పరీక్షకు ముందు ఇన్విజిలేటర్ వచ్చి మెమరీ చెరిపేయడానికి సెకండ్ (2nd), ప్లస్, 7, 1, 2 బటన్లు నొక్కేవారు. స్క్రీన్ మీద ‘ర్యామ్ క్లియర్డ్’ అని వచ్చేది. ఆ రెండు మాటలనే చూపించే ప్రోగ్రామ్‌ను పిల్లలు టీఐ-బేసిక్ అనే, కాలిక్యులేటర్‌లోనే ఉండే తేలికైన భాషలో నాలుగు లైన్లలో రాసి, టీచర్ వచ్చేసరికి సిద్ధంగా ఉంచుకునేవారు. బేసిక్ ఈ రోజుకీ అందులో ఉంది, ఉండాలి కూడా. ఫార్ములాలు దాచుకోవడానికీ అదే చాలు. అసెంబ్లీ తీసేయడంతో నష్టపోయింది ఎక్కువగా బాతు బొమ్మను కదిలించాలనుకున్న పిల్లలే. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే.

బదులుగా పైథాన్ భాష ఇచ్చామని టీఐ వైపు నుంచి జవాబు. ఇచ్చింది, కాదనలేం. కానీ అది నడిచేది ప్రధాన ప్రాసెసర్ మీద కాదు, పక్కన అతికించిన మరో చిన్న చిప్ మీద. ప్రోగ్రామ్‌కు దొరికే మెమరీ సుమారు 20 కిలోబైట్లు. అదే యంత్రంలో అసెంబ్లీకి 150 కిలోబైట్ల పైన అందుబాటులో ఉండేది. లూపులు, ఫంక్షన్లు నేర్చుకోవడానికి పైథాన్ మంచిదే. ఒక గేము తెరమీద సాఫీగా కదలడానికి అది సరిపోదు.

టీఐ ఒక్కదాన్నే అనడం కూడా న్యాయం కాదు. 2017లో ఫ్రాన్స్‌లో తన కాలిక్యులేటర్‌ను తెచ్చిన నమ్‌వర్క్స్ అనే కంపెనీ తన సోర్స్ కోడ్‌ను అందరికీ చూపించి మంచి పేరు తెచ్చుకుంది. దాని మీద ఒమేగా అనే సొంత వెర్షన్‌ను కొందరు ఔత్సాహికులు పెంచారు. 2021లో పరీక్ష మోడ్ కారణంతోనే నమ్‌వర్క్స్ కూడా తాళం వేసింది. ఒమేగా ఆగిపోయింది.

టీఐ తాళంలో మాత్రం త్వరలోనే ఒక సందు దొరికింది. సీఈలో క్యాబ్రీ జూనియర్ అనే జామెట్రీ యాప్ ఉంటుంది, త్రిభుజాలూ వృత్తాలూ గీసుకోవడానికి. దానికి ప్రత్యేకంగా తయారుచేసిన ఒక ఫైల్‌ను ఇస్తే లోపల ఉన్న లోపం వల్ల అసెంబ్లీకి దారి తెరుచుకుంటుందని ఒక హాబీ ప్రోగ్రామర్ కనిపెట్టాడు. దానికి ఆర్టిఫైస్ అని పేరు పెట్టాడు. పాత గేములు మళ్ళీ నడిచాయి.

ఇక 2024 వీడియో సంగతికి వస్తే, అందులో అసెంబ్లీ తలుపుతో పనే లేదు. లోపల పెట్టిన బోర్డు కేబుల్ పోర్టుకు ఇంకో కాలిక్యులేటర్‌లా కనిపిస్తుంది. బేసిక్‌లో ఎప్పటినుంచో ఉన్న సెండ్, గెట్ ఆదేశాలతోనే సమాచారం అటూ ఇటూ నడుస్తుంది. అంటే 2020 తాళం ఉన్నా లేకపోయినా ఆ వీడియో సాధ్యమే. స్క్రూడ్రైవర్ పట్టుకుని యంత్రం విప్పినవాడి తప్పుకు, లోపల కోడ్ రాసుకునే పిల్లలను జవాబుదారీ చేస్తున్నారు.

ఈలోగా పరీక్షలే స్థలం మార్చుకున్నాయి. శాట్ ఇప్పుడు ల్యాప్‌టాప్ మీద, డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ పరీక్ష యాప్‌లోనే ఉంటుంది. 2025 నుంచి ఏపీ క్యాలిక్యులస్ పరీక్షలోనూ అదే దొరుకుతోంది. చేతిలో పట్టుకునే యంత్రం తీసుకెళ్ళాలంటే తీసుకెళ్ళొచ్చు, తీసుకెళ్ళకపోయినా ఇబ్బంది లేదు. ఏ పరీక్ష హాలు కోసం తాళం వేశామన్నారో ఆ హాల్లో ఆ యంత్రం అవసరం తగ్గిపోతోంది. తాళం మాత్రం అలాగే ఉంది. అందుకే సెకండ్ హ్యాండ్ సీఈ కొనే హాబీ ప్రోగ్రామర్లు ధర కంటే ముందు అమ్మేవాళ్ళను ఒక్కసారి సెకండ్, ప్లస్, 1 నొక్కి చూడమంటారు. తెర మీద కనబడే వెర్షన్ నంబరు 2020 మేకి ముందుదా, తర్వాతదా అని.