200 మీటర్లు 50 ఎలా అయ్యాయి?

ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో చెప్పే షుగర్ బోర్డులు బడి గోడల మీద పెట్టమని సీబీఎస్‌ఈ 2025 మేలో చెప్పింది, జులైలో ఆయిల్ బోర్డులూ తోడయ్యాయి. దాంతో పాత పేచీ మళ్లీ రేగింది. పిల్లల ఊబకాయానికి పూచీ తినేవాళ్లదా, అమ్మేవాళ్లదా? 4-10 ఏళ్ల పిల్లల కేలరీల్లో చక్కెర వాటా 5 శాతం దాటకూడదని, ఇప్పటికే 13 శాతం ఉందని సర్క్యులరే అంటోంది. రోజుకు 1600 కేలరీలు తినే పిల్లవాడికి 5 శాతమంటే 20 గ్రాములు. 300 మి.లీ. కోలా ఒక్కటే 30 గ్రాములు దాటిస్తుంది.

బడుల్లో, వాటి చుట్టుపక్కల జంక్‌ఫుడ్ అమ్మకం ఆపాలని ఉదయ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2010లో వేసిన వ్యాజ్యం, దానిపై 2015లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చాలామందికి తెలిసినవే. అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. 2016 జనవరిలో సీబీఎస్‌ఈ, బడికి 200 మీటర్ల లోపు జంక్‌ఫుడ్ దొరక్కుండా చూడమంది. 2020 సెప్టెంబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు వచ్చేసరికి ఆ దూరం గేటు నుంచి 50 మీటర్లే. అంటే బడి వదిలాక నిమిషం నడక. అంతకన్నా పెద్ద లొసుగు ఇంకోటుంది. కొవ్వు, చక్కెర, ఉప్పు 'ఎక్కువ' ఉన్నవి అమ్మకూడదన్నారు గానీ, ఎన్ని గ్రాములు దాటితే ఎక్కువో రాయలేదు. చెడ్డ తిండంటూ లేదు, మోతాదే ముఖ్యమని కంపెనీలు మొదటినుంచీ వాదిస్తున్నాయి.

సర్కారు బడిలో లెక్క వేరు. మధ్యాహ్న భోజన పథకం పీఎం పోషణ్ ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లలకు తలా 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఫీజు కట్టే బడి క్యాంటీన్ కళాయిలో ఎంత నూనె పోశారో చెప్పే ఇలాంటి పట్టిక లేదు. 2016-18 జాతీయ పోషకాహార సర్వేలో 10-19 ఏళ్లవారిలో సుమారు 24 శాతం బక్కపలచగా, 5 శాతం అధిక బరువుతో ఉన్నారు. ఆ అధిక బరువు సంపన్నుల ఇళ్లలోనే ఎక్కువగా కనిపించింది. అయితే ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్టుకు సంపన్నుల ఇల్లే కానక్కర్లేదు. అది సర్కారు బడి గేటు ముందూ వేలాడుతుంది.

ఇప్పుడు తగువు ప్యాకెట్ ముందు వైపుకి చేరింది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022 ముసాయిదా, ప్యాకెట్ మీద హెచ్చరిక ముద్రను కాదని, తిండికి మార్కులు వేసి ఇచ్చే నక్షత్రాల రేటింగ్‌ను ఎంచుకుంది. అందులో పీచు, గింజలు, చిరుధాన్యాలకు వచ్చే మంచి మార్కులు చక్కెర తెచ్చే చెడ్డ మార్కుల్ని తగ్గిస్తాయి. తీపి బిస్కెట్‌కు కాస్త రాగిపిండి కలిపితే చాలన్నమాట. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దీన్ని తేల్చడానికి మూడు నెలలు ఇచ్చింది. గ్రాముల హద్దు రాకుండా గేటు పక్క కొట్టువాడిని ఆపాలంటే, తనిఖీ అధికారి చేతిలో చూపించడానికి అంకె ఉండదు.