జంట డిస్కులు: ఒకటి పోయినా పని ఆగకూడదంటే... అపోహలు - వాస్తవాలు

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తే రోజుల్లో అడ్తి దుకాణంలో కంప్యూటర్ గంటసేపు ఆగిందంటే బయట రైతులు బారులు తీరతారు. ధర పలికింది, తూకం అయిపోయింది, తక్‌పట్టీ (అమ్మకం చీటీ) మాత్రం చేతికి రాదు. హనుమకొండలోని రక్తపరీక్షల ల్యాబుల్లోనూ ఇదే అవస్థ. రిపోర్టు కోసం మనిషి కూర్చునే ఉంటాడు, అవతల డాక్టరు వెళ్లిపోయే వేళవుతుంది. ఇలాంటి చోట్ల కంప్యూటర్లు, చిన్న సర్వర్లు చూసుకోవడం నా వృత్తి. వాటిలో హార్డ్ డిస్కు ఏదో ఒక రోజు పోతుంది, అందులో అనుమానం లేదు. ఆ రోజు ఏదన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు. అందుకే ఒకే డేటాను ఒకేసారి రెండు డిస్కుల మీద రాసే ఏర్పాటును చిన్న దుకాణాల్లో కూడా పెట్టిస్తుంటాను. దీన్నే మిర్రర్ అంటారు, రెయిడ్ 1 అనీ అంటారు. పలు డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతులకు రెయిడ్ అని పేరు.

ఇది కొత్త విద్య కాదు. బ్యాంకులు, స్టాక్ ఎక్స్‌ఛేంజీల కోసం టాండెం కంపెనీ 1970ల్లోనే జంట డిస్కులతో కంప్యూటర్లు తయారుచేసింది. 1988లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ మీద పత్రం రాసినప్పుడు అప్పటికే వాడుకలో ఉన్న ఈ పద్ధతికి మొదటి స్థాయి అని పేరు పెట్టారు. ఇన్నేళ్లు గడిచినా దీని చుట్టూ అపోహలు మాత్రం తగ్గలేదు. నాకు తరచుగా ఎదురయ్యేవి రాస్తున్నాను.

అపోహ: మిర్రర్ ఉంటే బ్యాకప్ అక్కర్లేదు.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. మిర్రర్ మీరు చెప్పింది చెప్పినట్టు రెండు చోట్లా చేస్తుంది. గుమస్తా పొరపాటున గత ఏడాది ఖాతాలు చెరిపేస్తే అదే క్షణంలో రెండు డిస్కుల్లోనూ చెరిగిపోతాయి. 2017 మేలో ప్రపంచాన్ని చుట్టేసిన వాన్నాక్రై లాంటి వైరస్ ఫైళ్లకు తాళం వేస్తే, రెండు డిస్కుల్లోని ఫైళ్లకూ తాళం పడుతుంది. పైగా రెండు డిస్కులూ ఒకే డబ్బాలో ఉంటాయి. పిడుగు పడినా, దొంగ ఎత్తుకుపోయినా రెండూ కలిసే పోతాయి. 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ వరంగల్ కాలనీల్లోకి వరద నీళ్లు ఎలా వచ్చాయో చూసినవాళ్లమే. టేబుల్ కింద నేల మీద పెట్టిన కేబినెట్లో ఎన్ని డిస్కులుంటే ఏం లాభం?

పని ఆగకుండా ఉండటానికి మిర్రర్. నిన్నటికో మొన్నటికో వెనక్కి వెళ్లగలగడానికి బ్యాకప్. రెండూ ఉండాలి. ఒకదానికే డబ్బులున్నాయని ఎవరైనా అంటే నేను నిస్సంకోచంగా బ్యాకప్ వైపే చూపిస్తాను. బ్యాకప్ డిస్కును, కాపీ అయ్యాక, కంప్యూటర్ నుంచి తీసేసి, వీలైతే వేరే ఇంట్లో, నీళ్లు చేరని ఎత్తులో పెట్టాలి. ఎప్పటికీ తగిలించే ఉంచిన డిస్కును వైరస్ వదిలిపెట్టదు.

అపోహ: ఒక డిస్కు పోతే మనకు వెంటనే తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. ఈ ఏర్పాటులోని గొప్పతనమూ ప్రమాదమూ ఇక్కడే ఉన్నాయి. ఒకటి పోయినా బిల్లింగ్ ఎప్పటిలాగే తెరుచుకుంటుంది, ప్రింటరు పనిచేస్తుంది, ఎవరికీ ఏ ఇబ్బందీ కనిపించదు. నెలలు గడుస్తాయి. ఆ తర్వాత రెండోది పోతుంది. అప్పుడు ఫోన్ చేసి "రెండు డిస్కులూ ఒకేసారి పోయాయండీ" అంటారు. కేబినెట్ తెరిచి లాగ్ (కంప్యూటర్ రాసుకునే చిట్టా) చూస్తే మొదటిది ఎప్పుడో పోయి ఉంటుంది.

లెక్క కట్టి చూడండి. ఒక డిస్కు ఏడాదిలో పోయే అవకాశం 2 శాతం అనుకుందాం. మొదటిది పోయిన రెండు రోజుల్లో కొత్తది పెట్టేస్తే, ఆ రెండు రోజుల్లోనే రెండోదీ పోయే అవకాశం సుమారు 9,000లో ఒక వంతు. ఎవరూ గమనించకుండా ఏడాది గడిచిపోతే అది 50లో ఒక వంతు. డిస్కులు అవే, ఖర్చూ అదే. తేడా అంతా మీకు ఎప్పుడు తెలిసిందన్న దాని మీదే ఉంది.

లైనక్స్ సర్వర్లలో దీన్ని చూడటం చాలా తేలిక. ఎండీస్టాట్ అనే ఫైలు తెరిస్తే చదరపు బ్రాకెట్లలో రెండు పెద్ద యు అక్షరాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒక యు పోయి దాని చోట కింద గీత ఉందంటే ఒక డిస్కు లేదని అర్థం. ఇది రోజూ మనిషి చూడాల్సిన పని కాదు. మిర్రర్‌ను చూసుకునే ఎండీఅడ్మిన్ అనే ప్రోగ్రామ్‌లో నిఘా పెట్టి, డిస్కు పోయిన నిమిషంలో ఈమెయిల్ వచ్చేలా చేయవచ్చు. విండోస్ వాడే చోట డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, మిర్రర్ ఆరోగ్యంగా ఉందని చూపిస్తోందో లేదో చూడాలి. రెయిడ్ కార్డు (డిస్కులను జత చేసే విడి కార్డు) ఉంటే అది కూత పెడుతుంది. కాని దుకాణాల్లో ఆ కూత వినగానే అందరూ యూపీఎస్ వైపు చూస్తారు. బ్యాటరీ బలహీనపడిందిలే అనుకుని వదిలేస్తారు. అందుకే కేబినెట్ మీద తెలుగులో చీటీ అంటిస్తాను: "ఈ డబ్బా కూస్తే వెంటనే ఫోన్ చేయండి, ఆపకండి."

హెచ్చరిక వచ్చే ఏర్పాటు లేని మిర్రర్‌ను పూర్తయిన పనిగా నేను లెక్కపెట్టను.

అపోహ: పోయేముందు డిస్కు టక్‌టక్ మంటుంది, లేదా స్మార్ట్ రిపోర్టు (డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే నివేదిక) ముందే చెబుతుంది.

వాస్తవం: కొన్నిసార్లు చెబుతుంది. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ ఇంజనీర్లు 2007లో ఒక పత్రం ప్రచురించారు. డిస్కు తనను తాను పరీక్షించుకునేటప్పుడు తొలి లోపం కనిపించిందంటే, లోపం లేని వాటితో పోలిస్తే 60 రోజుల్లోపు అది పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేలింది. కాబట్టి హెచ్చరిక వస్తే తాత్సారం చేయకూడదు. అదే పత్రంలో ఇంకో సంగతీ ఉంది. పోయిన డిస్కుల్లో మూడో వంతుకు పైగా స్మార్ట్‌లో ఏ చెడు గుర్తూ లేకుండానే పోయాయి. హెచ్చరిక లేదు కాబట్టి డిస్కు బాగుందని ధీమాగా ఉండలేం.

కంపెనీలు పెట్టె మీద రాసే లక్షల గంటల ఆయుష్షునూ అలాగే చూడాలి. 2007లోనే బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ సుమారు లక్ష డిస్కుల రికార్డులు పరిశీలించారు. కంపెనీల లెక్క ప్రకారం ఏడాదికి 0.88 శాతానికి మించి పోకూడదు. నిజంగా మార్చాల్సి వచ్చినవి చాలాచోట్ల 2 నుంచి 4 శాతం, కొన్నిచోట్ల 13 శాతం దాకా ఉన్నాయి. ఈ గిబ్సన్ 1988 పత్రం రాసిన ముగ్గురిలో ఒకరే.

అపోహ: రెండు డిస్కులూ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి అయితేనే జోడీ కుదురుతుంది.

వాస్తవం: పరిమాణం, వేగం దగ్గరగా ఉంటే చాలు. ఒకే బ్యాచ్‌లో తయారైన రెండు డిస్కులు ఒకే గదిలో, ఒకే వేడిలో, ఒకే కరెంటు మీద, అక్షరాలా ఒకే రాతలు రాస్తూ నడుస్తాయి. ఒకదానికి వచ్చిన జబ్బు రెండోదానికీ రావడంలో వింత లేదు. నేను పైన వేసిన లెక్క రెండు డిస్కుల తలరాతలూ వేర్వేరు అనుకుని వేసింది. ఒకే బ్యాచ్ అయితే ఆ లెక్క చెల్లదు.

తిరిగే పళ్లేలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలకు ఈ గొడవ ఉండదు అనుకునేవాళ్లు 2019 నవంబరులో సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ ఇచ్చిన హెచ్చరికను గుర్తుపెట్టుకోవాలి. ఆ కంపెనీ సర్వర్లలో వాడే కొన్ని ఎస్‌ఎస్‌డీలు ఫర్మ్‌వేర్ (డిస్కు లోపలి సాఫ్ట్‌వేర్) లోపం వల్ల సరిగ్గా 32,768 గంటలు నడిచాక, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలకు, ఆగిపోతాయని, అందులోని డేటా తిరిగి రాదని అది ప్రకటించింది. ఒకే రోజు బిగించినవి దాదాపు ఒకేసారి పోతాయని కూడా చెప్పింది. జంట డిస్కులు పెట్టుకున్నవాళ్లకు ఇంతకంటే భయపెట్టే వార్త ఉండదు. ముందే ఫర్మ్‌వేర్ మార్చుకున్నవాళ్లు బయటపడ్డారు.

నేను రెండు వేర్వేరు కంపెనీల డిస్కులు తీసుకుంటాను. అవి దొరకకపోతే ఒకే కంపెనీవి వేర్వేరు దుకాణాల్లో కొంటాను. రెండింటి పరిమాణంలో కొద్దిపాటి తేడా ఉండవచ్చు కాబట్టి పార్టిషన్ చేసేటప్పుడు (డిస్కును భాగాలుగా విడదీసేటప్పుడు) చివర కొంత ఖాళీ వదలాలి. అలా వదలకపోతే, మూడేళ్ల తర్వాత కొనే డిస్కు కొన్ని ఎంబీలు చిన్నదైతే మిర్రర్ దాన్ని ఒప్పుకోదు.

అపోహ: రెండు డిస్కులుంటే ఇక కంప్యూటర్ ఆగదు.

వాస్తవం: పవర్ సప్లై ఒక్కటే, మదర్‌బోర్డు ఒక్కటే. మిర్చి ఘాటు, పత్తి నూగు కలిసిన దుమ్ము మార్కెట్ దుకాణాల్లో ఫ్యాన్లకు దట్టంగా పట్టేస్తుంది. మేలో గది వేడికి అదీ తోడైతే ముందు పోయేది డిస్కే కానక్కరలేదు. నెలకోసారి దుమ్ము దులిపించడం, మంచి యూపీఎస్ పెట్టుకోవడం కూడా ఈ ఏర్పాటులో భాగమే.

ఇంకో చిక్కు చాలామందికి తట్టదు. డేటా రెండు డిస్కుల్లో ఉన్నా, కంప్యూటర్ ఆన్ అవడానికి కావలసిన బూట్ భాగం ఒక్క డిస్కులోనే ఉండిపోవచ్చు. ఆ డిస్కు పగలు పోతే పని నడుస్తూనే ఉంటుంది. రాత్రి ఆపి పొద్దున ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఒక్క వాక్యం. డేటా క్షేమంగానే ఉంది, కంప్యూటర్ మాత్రం లేవదు. కాబట్టి బూట్ భాగాన్ని రెండు డిస్కుల్లోనూ విడిగా పెట్టాలి. పెట్టి ఊరుకోకుండా పరీక్షించాలి. దుకాణం మూశాక బ్యాకప్ తీసుకుని, కంప్యూటర్ ఆపి, మొదటి డిస్కు కేబుల్ తీసి ఆన్ చేస్తాను. బిల్లింగ్ తెరుచుకోవాలి. తర్వాత అది తగిలించి, రెండూ పూర్తిగా సమానమయ్యేదాకా ఆగి, అప్పుడు రెండోదాని కేబుల్ తీసి చూస్తాను. మధ్యలో ఆగకుండా తొందరపడితే పరీక్షే ప్రమాదమవుతుంది.

అపోహ: పోయిన డిస్కు తీసి కొత్తది పెట్టడం ఎవరైనా చేసేయవచ్చు.

వాస్తవం: బిగించడం నాలుగు మరల పని. ఏ డిస్కు పోయిందో తేల్చుకోవడంలోనే తప్పు జరుగుతుంది. ఒకేలా ఉండే రెండు డిస్కుల్లో బాగున్నదాన్ని పీకేస్తే ఆ క్షణంలోనే అంతా ఆగుతుంది. పైనున్నది మొదటిది, కిందున్నది రెండోది అని ఊహించకూడదు. కంప్యూటర్ చూపే సీరియల్ నంబరును డిస్కు మీది నంబరుతో సరిచూడాలి. డిస్కు లోపల బిగించాక ఆ నంబరు కనిపించదు కాబట్టి, పెట్టిన రోజే దాన్ని చీటీ మీద రాసి పక్కన అంటించడం నా అలవాటు.

కొత్తది పెట్టాక రీబిల్డ్, అంటే మిగిలిన డిస్కులోని డేటాను కొత్తదానికి ఎక్కించడం, మొదలవుతుంది. సెకనుకు 150 ఎంబీ చొప్పున 4 టీబీ డిస్కు నిండటానికి ఏడున్నర గంటలు పడుతుంది. దుకాణం నడుస్తుంటే ఇంకా ఎక్కువ. అందుకే సాయంత్రం మూశాక మొదలుపెట్టిస్తాను. ఈ గంటల్లో మిగిలిన ఆ ఒక్క డిస్కును మొదటి నుంచి చివరి దాకా చదవాలి. ఏళ్లుగా ఎవరూ తెరవని పాత ఫైళ్ల చోట చదవలేని సెక్టారు (డిస్కులో ఒక చిన్న భాగం) బయటపడేది సరిగ్గా అప్పుడే. దీనికి మందు ముందే వేసుకోవాలి: నెలకోసారి రెండు డిస్కులనూ పూర్తిగా చదివి పోల్చి చూసే తనిఖీ. డెబియన్ లైనక్స్‌లో ఇది ప్రతి నెలా మొదటి ఆదివారం దానంతటదే నడుస్తుంది. ఆ సమయానికి సర్వర్ ఆన్‌లో ఉండాలి. ఆదివారం సెలవని మెయిన్ స్విచ్ కట్టేసే దుకాణాల్లో తనిఖీని వేరే రోజుకు మార్చాలి.

ఒక పరిమితి కూడా చెప్పాలి. రెండు డిస్కులూ వేర్వేరు మాటలు చెబితే ఏది నిజమో మామూలు మిర్రర్‌కు తెలియదు. జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ వ్యవస్థలు డేటాలోని ప్రతి ముక్కకూ చెక్‌సమ్ (సరిచూసుకునే అంకె) దాచుకుంటాయి కాబట్టి తప్పున్న ప్రతిని గుర్తించి మంచిదాంతో సరిచేస్తాయి. ల్యాబుల స్కానింగ్ బొమ్మలకు నేను వాటినే ఎంచుకుంటాను.

అపోహ: మిర్రర్ పెడితే వేగం రెట్టింపవుతుంది.

వాస్తవం: ఒకేసారి పలువురు చదువుతుంటే కొంత మేలు. రాయడం మాత్రం రెండింటిలో నెమ్మదైనదాని వేగంతోనే.

అపోహ: ఖరీదైన రెయిడ్ కార్డు ఉంటేనే ఇదంతా.

వాస్తవం: దుకాణాలకు అక్కర్లేదు. లైనక్స్‌లో ఈ సదుపాయం ఉచితం. కార్డు పోతే అదే రకం కార్డు కోసం హైదరాబాద్ దాకా వెతకాల్సి రావచ్చు. లైనక్స్ మిర్రర్‌లోని డిస్కును మాత్రం ఇంకో లైనక్స్ కంప్యూటర్‌కు తగిలించి చదువుకోవచ్చు.

అపోహ: పోయిన డిస్కుతో ఇక పని లేదు, పాత సామాను వాళ్లకు ఇచ్చేయవచ్చు.

వాస్తవం: మిర్రర్‌లోని ప్రతి డిస్కులోనూ మీ డేటా మొత్తం ఉంటుంది, సగం కాదు. మీ కంప్యూటర్ వద్దన్న డిస్కు ఇంకొకరి చేతిలో చాలావరకు చదవడానికి వీలుగానే ఉండవచ్చు. రోగుల రిపోర్టులు, రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్న డిస్కును తూకానికి వేయడం వాళ్లకు చేసే అన్యాయం. హార్డ్ డిస్కులకు లోపలి పళ్లేల దాకా దిగేలా డ్రిల్లుతో రంధ్రాలు వేయించాకే బయటికి పంపుతాను. ఎస్‌ఎస్‌డీకి రంధ్రం చాలదు, ప్రతి చిప్పూ పగలాలి. వారంటీలో ఉన్నదాన్ని పగలగొట్టలేం, పగలగొడితే వారంటీ పోతుంది. అందుకే కొత్త ఏర్పాట్లలో మొదటి రోజే డిస్కులను ఎన్‌క్రిప్ట్ చేసి (కీ లేకుండా ఎవరూ చదవలేకుండా మార్చి), ఆ కీని కాగితం మీద రాయించి యజమాని బీరువాలో ఒక ప్రతి, ఆయన ఇంట్లో ఒక ప్రతి పెట్టిస్తున్నాను.