ఆవిరి పైపుల ఇన్సులేషన్: పారిశ్రామిక లాండ్రీలలో అపోహలు - వాస్తవాలు

లాండ్రీలో ఇంధన ఖర్చు పెరిగితే అందరూ ముందుగా బాయిలర్‌నూ డ్రయ్యర్లనూ పరీక్షిస్తారు. వాటిని కలిపే పైపుల మీదికి దృష్టి చివరికి గాని వెళ్ళదు. ఆ పైపుల నిర్వహణే నా వృత్తి కనుక, తరచుగా వినిపించే కొన్ని అపోహలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: పైపుల పొడవునా ఇన్సులేషన్ వేస్తే పని పూర్తయినట్టే.

వాస్తవం: 7 బార్ గేజ్ పీడనం (వాతావరణ పీడనానికి పైన లెక్కించేది) వద్ద ఆవిరి ఉష్ణోగ్రత సుమారు 170 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఆ ఆవిరిని మోసే 50 మి.మీ. పైపును కప్పకుండా వదిలేస్తే, గాలి కదలని చోట కూడా ప్రతి మీటరుకూ 300 వాట్లకు పైగా వేడి పోతుంది, 50 మి.మీ. మందాన రాక్‌వూల్ (రాతి నారల ఉన్ని) చుట్టితే అది 40 వాట్ల దరిదాపులకు తగ్గుతుంది. అయితే కప్పని వాల్వు ఒక్కటే దాదాపు మీటరు పొడవు కప్పని పైపంత వేడిని కోల్పోతుంది. మరమ్మతుకు అడ్డమన్న కారణంతో వాల్వులనూ ఫ్లాంజీలనూ (పైపులను బోల్టులతో కలిపే అంచులు) వదిలేయవలసిన అవసరం లేదు, విప్పి కట్టుకోగల జాకెట్లు ఉన్నాయి. నేను చూసినంతవరకు జాకెట్లు కొనకపోవడం కన్నా, విప్పినవాటిని తిరిగి కట్టకపోవడం వల్లే నష్టం ఎక్కువగా జరుగుతోంది. అందుకే మరమ్మతు ముగిసినట్టు సంతకం చేసే కాగితంలో జాకెట్ కట్టారా లేదా అన్న ప్రశ్న కూడా ఉండాలని పట్టుబడతాను.

అపోహ: పోయేది కొంత వేడే, పని నాణ్యతకూ దానికీ సంబంధం లేదు.

వాస్తవం: వేడి కోల్పోయిన ఆవిరి పైపులోనే నీరుగా మారుతుంది. ఆ నీరు ఐరనర్‌కు చేరితే ఇస్త్రీ ఉపరితలం చల్లబడి, దుప్పట్లు పూర్తిగా ఆరకుండానే బయటికి వస్తాయి; అప్పుడు యంత్రం వేగం తగ్గించడమో, వాటిని రెండోసారి పంపడమో తప్పదు. అంతకన్నా ప్రమాదకరమైనది వాటర్ హామర్: పైపులో నిలిచిన నీటిని ఆవిరి అతివేగంగా తోసుకుపోయి వంపుల వద్ద, వాల్వుల వద్ద కొట్టినప్పుడు గ్యాస్కెట్లు చీలిపోవచ్చు, పోత ఇనుప వాల్వులు పగిలిపోవచ్చు, దగ్గర నిలబడినవారి ప్రాణాలే పోవచ్చు. ఇన్సులేషన్ ఆ నీటిని తగ్గిస్తుంది గాని పూర్తిగా ఆపలేదు. పైపుకు సరైన వాలు, పనిచేసే స్టీమ్ ట్రాపులు (నీటిని వదిలి ఆవిరిని ఆపే పరికరాలు) కూడా ఉండి తీరాలి.

అపోహ: కండెన్సేట్ పైపుకు ఇన్సులేషన్ దండగ.

వాస్తవం: కండెన్సేట్ అంటే ఆవిరి చల్లబడి మారిన వేడి నీరు; దానిని వేడి తగ్గకుండా తిరిగి బాయిలర్‌కు చేర్చాలి. బాయిలర్‌కు వెళ్ళే నీరు ప్రతి 6 డిగ్రీలు వేడెక్కినకొద్దీ దాదాపు 1 శాతం ఇంధనం ఆదా అవుతుంది.

అపోహ: ఎంత కప్పితే అంత మంచిది.

వాస్తవం: థర్మోస్టాటిక్ ట్రాపు తన లోపలి నీరు కొంత చల్లబడితేనే తెరుచుకుంటుంది, దానినీ దాని ముందున్న కొద్దిపాటి పైపునూ కప్పేస్తే నీరు వెనక్కి నిలిచిపోతుంది. మనుషుల చేయి తగిలే చోటైతే, కప్పని ఆ భాగం చుట్టూ జాలీ అమర్చాలి.

అపోహ: ఇన్సులేషన్ మీద రేకు తొడిగాక తాకినా ప్రమాదం లేదు.

వాస్తవం: ట్రాలీలు తోసేవారి చేతికి అందే ఉపరితలం 60 డిగ్రీలు దాటకూడదు. మెరిసే అల్యూమినియం వేడిని తక్కువగా వెదజల్లుతుంది కనుక, అదే మందం ఇన్సులేషన్ మీద రంగు వేసిన రేకు కన్నా అది ఎక్కువ వేడిగా ఉంటుంది. మందాన్ని లెక్కగట్టేటప్పుడు దీనిని విస్మరించకూడదు.

అపోహ: ఒకసారి వేసిన ఇన్సులేషన్‌ను మళ్ళీ చూడనక్కరలేదు.

వాస్తవం: తడవని రాక్‌వూల్ కన్నా నీరు పది రెట్లకు పైగా ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది, తడిసిన ఇన్సులేషన్ కింద ఉక్కు పైపు కంటికి కనబడకుండా తుప్పు పడుతుంది. ఆవిరికి బదులు థర్మిక్ ఆయిల్‌తో (వేడి చేసిన నూనెతో) నడిచే ఐరనర్ల వద్ద ఇంకా జాగ్రత్త అవసరం: రాక్‌వూల్ తనంతట మండదు, కాని కారిన నూనె అందులోకి ఇంకితే క్రమంగా వేడెక్కి దానంతట అదే అంటుకోగలదు. అటువంటి ఫ్లాంజీల చుట్టూ నూనె పీల్చని సెల్యులర్ గ్లాస్ (నురుగులాంటి గాజు) వాడాలి, తడిసిన ఉన్నిని వెంటనే తీసివేయాలి, రేకు చిరుగుల్లో పేరుకునే బట్టల నూగును శుభ్రం చేయాలి. పాత భవనాల్లోని ఇన్సులేషన్‌లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశముంది కాబట్టి, పరీక్ష చేయించకుండా దానిని ఎవరూ చీల్చకూడదు.