దరఖాస్తులో ఆ ఒక్క గడి

అమెరికాలో చిన్నాచితకా కొలువుకైనా దరఖాస్తు పెట్టుకుంటే అందులో ఒక ప్రశ్న ఉండేది: మీకు ఎప్పుడైనా నేరం కింద శిక్ష పడిందా? పక్కన ఖాళీ గడి. అక్కడ టిక్ పెట్టారంటే చాలాసార్లు అంతటితో ఆ దరఖాస్తు పని అయిపోయినట్టే. శిక్ష పూర్తిచేసి బయటికొచ్చిన మనిషికి పని కూడా ఇవ్వకపోతే ఎలా బతుకుతాడన్న ఆవేదనలోంచి 'బ్యాన్ ద బాక్స్', అంటే ఆ గడి తీసేయాలనే ఉద్యమం పుట్టింది. మొదటగా చట్టం చేసిన రాష్ట్రం హవాయి, 1998లో.

ఆ గడి ఎంత చేటు చేస్తుందో లెక్కకట్టి చూపింది సామాజిక శాస్త్రవేత్త డివా పేజర్. 2001లో మిల్వాకీ నగరంలో ఆమె ఇద్దరు తెల్లజాతి యువకుల్ని ఒక జట్టుగా, ఇద్దరు నల్లజాతి యువకుల్ని మరో జట్టుగా ఉద్యోగాలకు పంపారు. చదువూ అనుభవమూ ఒకే తీరు. జట్టులో ఒకరు మాత్రం డ్రగ్స్ కేసులో జైలుకెళ్లొచ్చానని చెబుతారు. ఆ పాత్రను వంతులవారీగా మార్చుకుంటారు. నేరచరిత్ర లేని తెల్లవాళ్లలో 34 శాతం మందికి కబురొచ్చింది, ఉన్నవాళ్లలో 17 శాతం మందికి. నల్లవాళ్లలో నేరచరిత్ర లేకున్నా 14 శాతం, ఉంటే 5 శాతమే. జైలుకెళ్లిన తెల్లవాడి కంటే ఏ తప్పూ చేయని నల్లవాడికే పిలుపులు తక్కువ! 2003లో ఇది అచ్చయింది. ఎన్నిసార్లు చదివినా ఆ అంకె దగ్గర నా కళ్లు ఆగిపోతాయి.

ఆ తర్వాత ఉద్యమం ఊపందుకుంది. నగరాలు, రాష్ట్రాలు వరసగా గడిని తీసేశాయి. అయితే ఆర్థికవేత్తలను ఒక పాత అనుమానం వదల్లేదు. యజమానికి మనసులో ద్వేషం లేకపోయినా, ఎదుటి మనిషి గురించి సమాచారం లేనప్పుడు అతని వర్గాన్ని బట్టి ఊహించుకుంటాడని ఎడ్మండ్ ఫెల్ప్స్ 1972లోనే రాశారు. దీన్నే గణాంక వివక్ష అంటారు. గడి లేకపోతే ఆ ఊహ ఎవరి మీద పడుతుంది?

కార్మిక ఆర్థికవేత్త అమాండా ఏగన్, న్యాయశాస్త్ర నిపుణురాలు సోంజా స్టార్ దీన్ని నేరుగా పరీక్షించారు. న్యూజెర్సీలోనూ న్యూయార్క్ నగరంలోనూ 2015లో ఈ చట్టాలు వచ్చాయి. వాటికి ముందూ తర్వాతా కలిపి దాదాపు 15,000 కల్పిత దరఖాస్తులు ఆన్‌లైన్‌లో పంపారు. అభ్యర్థులంతా యువకులు, పేరు చూస్తే జాతి తెలిసిపోతుంది. గడి ఉన్న కంపెనీల్లో నేరచరిత్ర లేనివాళ్లకు 63 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి, అంటే ఉద్యమకారుల ఫిర్యాదు నిజమే. కానీ చట్టం వల్ల గడి తీసేసిన కంపెనీల్లో, అంతకుముందు నల్లవాళ్ల కంటే తెల్లవాళ్లకు 7 శాతమే ఎక్కువగా వచ్చిన పిలుపులు ఆ తర్వాత 43 శాతం ఎక్కువయ్యాయి. ఏ కేసూ లేని నల్లజాతి కుర్రాడికి ఆ మాట చెప్పుకునే చోటే లేకుండా పోయింది.

అలాగని గడిని మళ్లీ తెచ్చిపెట్టడం నాకు సమ్మతం కాదు. జాతిని బట్టి ఉద్యోగం నిరాకరించడం 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం ఎప్పటినుంచో చట్టవిరుద్ధమే. చిక్కల్లా ఫోన్ ఎందుకు రాలేదో అభ్యర్థికి ఎవరూ చెప్పరు, కాబట్టి అతను ఫిర్యాదూ చేయలేడు. అందుకే ఆర్థికవేత్తలు పాట్రిక్ క్లైన్, ఎవన్ రోజ్, క్రిస్టఫర్ వాల్టర్స్ 2022లో ప్రచురించిన పని నాకు ముఖ్యమనిపిస్తుంది. 108 పెద్ద కంపెనీలకు 83,000 దాకా దరఖాస్తులు పంపి చూస్తే, నల్లజాతి అభ్యర్థులు పోగొట్టుకున్న పిలుపుల్లో దాదాపు సగం ఐదో వంతు కంపెనీల దగ్గరే పోయాయి. ఒంటరి అభ్యర్థి నిరూపించలేనిదాన్ని, ప్రభుత్వ తనిఖీ సంస్థలు ఇలాంటి పరీక్షలతో కంపెనీవారీగా పట్టుకోవచ్చు.